ఇండియానా కొలంబస్‌లో ఉద్యోగం వచ్చిందా? ఊళ్ళో కుదురుకోవడం ఇలా

కొలంబస్ అనగానే ఒహాయో అనుకుని అక్కడికి విమానం టికెట్ బుక్ చేసుకున్నవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు. అందులో ఒకాయన దిగి, సామాన్లు తీసుకుని, బయటికొచ్చి "ఎక్కడున్నారండీ, నేను వచ్చేశాను" అని ఫోన్ చేశాడు. అక్కణ్ణుంచి మా ఊరికి కారులో మూడు గంటల పైనే. కాబట్టి మొదటి సలహా ఇదే: మీరు రావలసింది ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్‌కి. దిగాల్సింది ఇండియానాపోలిస్‌లో. ఎయిర్‌పోర్టు నుంచి ఐ-65 హైవే పట్టుకుని దక్షిణానికి సుమారు గంట ప్రయాణం. 68వ ఎగ్జిట్ దగ్గర హైవే మీద పెద్ద ఎర్ర ఆర్చి కనిపిస్తే ఊరొచ్చినట్టే. ఇంటి నుంచి పచ్చళ్ళు తెప్పించుకుంటే అడ్రసులో రాష్ట్రం పేరు పూర్తిగా రాయించండి, 47201 లేదా 47203 అన్న జిప్ కోడ్ మీదో కాదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఊరు చిన్నది. 2020 జనాభా లెక్కల్లో 50 వేల పైచిలుకు. ఈ ఊళ్ళో నేను చూసిన మనవాళ్ళు రెండు రకాలు. ఒక రకం శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూయగానే ఇండియానాపోలిస్‌కో షికాగోకో బండి తీసేసి ఆదివారం రాత్రికి తిరిగొస్తారు, నాలుగేళ్ళున్నా రైల్వే వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నట్టే ఉంటారు, ఎవరైనా అడిగితే "ఇక్కడేముందండీ" అంటారు. రెండో రకం ఊళ్ళోనే తిరుగుతారు. మొదటి రెండేళ్ళు నేను మొదటి రకమే, దాచుకోవడానికేముంది. తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఇలాంటి ఊళ్ళో కలిసిపోవడానికి ఇంగ్లీషు గొప్పగా రావక్కర్లేదు, కబుర్లు చెప్పే నేర్పూ అక్కర్లేదు. వాళ్ళు మనల్ని మళ్ళీ మళ్ళీ చూడాలి, అంతే. ఒకే మనిషి పనిలో కనబడి, కిరాణా కొట్లో కనబడి, పిల్లల సాకర్ గ్రౌండ్ దగ్గర కనబడితే మూడోసారి తనే వచ్చి పలకరిస్తాడు. కింద చెప్పేవన్నీ ఆ కనబడటం గురించే.

ముందు ఊరి కథ తెలుసుకోండి

మనవాళ్ళు ఎక్కువగా ఇక్కడికి వచ్చేది డీజిల్ ఇంజన్లు చేసే కమిన్స్ కంపెనీ కోసం. దాని కథ రెండు ముక్కల్లో అయినా తెలియాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో ఎవరితో మాట్లాడినా ఎక్కడో ఒకచోట అది తగులుతుంది. క్లెస్సీ కమిన్స్ అనే ఆయన ఇక్కడి బ్యాంకరు డబ్ల్యూ.జి. ఇర్విన్ కుటుంబానికి కారు డ్రైవరు, మెకానిక్. ఇర్విన్ పెట్టుబడి పెడితే 1919లో కంపెనీ మొదలైంది. మొదటి లాభం ఎప్పుడొచ్చిందో తెలుసా? 1937లో. పద్దెనిమిదేళ్ళు ఆ కుటుంబం చేతి డబ్బు పోస్తూనే ఉంది. మధ్యలో క్లెస్సీ గారు పాత ప్యాకార్డ్ కారులో డీజిల్ ఇంజన్ బిగించి 1930లో ఇండియానాపోలిస్ నుంచి న్యూయార్క్ దాకా నడుపుకుంటూ వెళ్ళారు. మొత్తం ఇంధనం ఖర్చు 1 డాలరు 38 సెంట్లు. ఆ మరుసటేడు ఇండియానాపోలిస్ 500 రేసులో వాళ్ళ డీజిల్ కారు ఒక్కసారి కూడా ఆగకుండా 500 మైళ్ళు పూర్తి చేసింది. ప్లాంటులో పాతకాలపు మనుషుల దగ్గర ఈ కథ ఎత్తితే లంచ్ టైమ్ సరిపోదు.

తర్వాత కంపెనీని పెద్దది చేసినాయన జె. ఇర్విన్ మిల్లర్, ఆ బ్యాంకరు గారికి మనవడి వరస. ఊళ్ళో కట్టే స్కూళ్ళూ ఫైర్ స్టేషన్లూ మంచి ఆర్కిటెక్టుల చేత గీయిస్తే వాళ్ళ ఫీజు కంపెనీ ఫౌండేషన్ ఇస్తుంది అన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఆ పద్ధతిలో మొదటి స్కూలు 1957లో హ్యారీ వీస్ గీసింది. అందుకే ఇంత చిన్న ఊళ్ళో లైబ్రరీ ఐ.ఎం. పేయ్‌ది, అదే పారిస్ లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ కట్టినాయనది. ఫైర్ స్టేషన్ నంబర్ 4 రాబర్ట్ వెంచురీది. చర్చిలు తండ్రీకొడుకులు ఇలియెల్ సారినెన్, ఈరో సారినెన్‌లవి. కమిన్స్ హెడ్డాఫీసు గీసిన కెవిన్ రోష్ అయితే అక్కడున్న పాత సీరియలైన్ మిల్లు భవనాన్ని కూల్చకుండా దాన్ని కలుపుకునే ఆఫీసు కట్టాడు. బయటివాళ్ళు ఇవన్నీ చూడటానికి టూర్ బస్సుల్లో వస్తారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం వాటిలో చదువుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పుస్తకాలు లేటుగా ఇచ్చి ఫైన్లు కట్టారు. గొప్పలు చెప్పుకోరు. కానీ "మీరు ఏ స్కూల్లో చదివారు?" అని అడిగి చూడండి, ఆ బిల్డింగ్ పైకప్పు ఎక్కడ కారేదో కూడా చెప్తారు.

కాబట్టి మొదటి శనివారం ఏ షాపింగ్ మాల్‌కీ పోకుండా ఫిఫ్త్ స్ట్రీట్‌లో నడవండి. లైబ్రరీ ముందు హెన్రీ మూర్ చెక్కిన పెద్ద కంచు ఆర్చి ఉంటుంది, దాని కింద నుంచి నడిచి లోపలికి వెళ్ళి లైబ్రరీ కార్డు తీసుకోండి. తర్వాత వాషింగ్టన్ స్ట్రీట్‌లో 1900 నుంచి ఉన్న జహారాకోస్ ఐస్‌క్రీమ్ పార్లర్. గ్రీసు నుంచి వచ్చిన అన్నదమ్ములు పెట్టింది, గోడకి పెద్ద ఆర్గన్ ఉంటుంది, వాయించేవాడు లేకుండానే మోగుతుంది. వలస వచ్చినవాళ్ళు ఈ ఊరికి కొత్తేమీ కాదని అక్కడ కూర్చుని ఐస్‌క్రీమ్ తింటే అదే తెలుస్తుంది.

ఇంకో సంగతి. కమిన్స్ ఒక్కటే కాదు. టొయోటా ఫోర్క్‌లిఫ్టులు 1990 నుంచి ఇక్కడే తయారవుతున్నాయి, ఎన్‌కే చక్రాలు, ఎన్‌టీఎన్ డ్రైవ్‌షాఫ్టులు, ఇలా జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళు మాట్లాడుతూ కారు భాగాలు చేసిన ఆర్విన్ అంటారు, కాస్కో అంటారు. ఒక తాతగారు "నలభై ఏళ్ళు కాస్కోలో చేశాను" అంటే నేను హోల్‌సేల్ స్టోర్ కాస్ట్‌కో అనుకుని "మెంబర్‌షిప్ ఫ్రీగా ఇచ్చేవారా?" అని అడిగాను. ఆయన పాపం చాలాసేపు ఆలోచించారు. ఆయన చెప్పింది మెట్ల స్టూళ్ళూ మడత కుర్చీలూ చేసే ఫ్యాక్టరీ గురించి.

ప్లాంటులో

మీరు ఆఫీసు ఉద్యోగానికి వచ్చినా సరే, ఇంజనీరయితే లైన్ మీదికి వెళ్ళాల్సిందే. అక్కడ మన డిగ్రీలకి విలువ లేదని కాదు, కానీ ముందు మనిషికి విలువ. అందరినీ పేరుతోనే పిలవాలి. అరవై ఏళ్ళ ఆవిడని పేరు పెట్టి పిలవడానికి నాకు ఆరు నెలలు నోరు రాలేదు, "మేమ్" అంటుంటే "మా అమ్మని పిలుస్తున్నావా?" అని నవ్వేది.

నేను మొదట చేసిన ప్లాంటులో ఒక స్టేషన్ దగ్గర బోల్టు బిగింపు మాటిమాటికీ ఫెయిలవుతోంది. మూడు రోజులు డేటా లాగి, గ్రాఫులు గీసి, సూపర్‌వైజర్‌తో మీటింగు పెట్టి, టూల్ మార్చాలని తేల్చాను. ఆ స్టేషన్‌లో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నావిడ పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదు. టూల్ మార్చాం. ఫెయిలవుతూనే ఉంది. నాలుగో రోజు పొద్దున్నే షిఫ్టు మొదలయ్యే ముందు వెళ్ళాను, లాప్‌టాప్ లేకుండా, రెండు కప్పుల కాఫీతో. బ్రేక్ టేబుల్ దగ్గర కూర్చుని "మీకేమనిపిస్తోంది?" అని అడిగాను. ఆవిడ లేచి స్టేషన్ దగ్గరికి తీసుకెళ్ళి, గ్లవ్ తీసి, డబ్బాలోంచి ఒక బోల్టు తీసి నా అరచేతిలో పెట్టింది. జిడ్డుగా ఉంది. పక్క డబ్బాలోంచి ఇంకోటి. పొడిగా ఉంది. కొత్త లాటు బోల్టులకి నూనె ఎక్కువుంది, అంతే. ముందే ఎందుకు చెప్పలేదంటే, "ఎవరూ అడగలేదు" అంది. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు.

అందుకని పద్ధతి ఏమిటంటే, సమస్య రాకముందే లైన్ మీదికి వెళ్ళి పేరు చెప్పుకోండి, వాళ్ళ పేరు అడిగి గుర్తుపెట్టుకోండి. షిఫ్టు మారే సమయంలో వెళ్తే రెండు షిఫ్టులవాళ్ళూ దొరుకుతారు, కానీ ఇంటికి పోయేవాణ్ణి ఆపి ప్రశ్నలడగకండి, ఆ రెండు నిమిషాలు అతనివి. సేఫ్టీ గ్లాసులు, ఉక్కు ముక్కు బూట్లు లేకుండా పసుపు గీత దాటొద్దు. యూనియన్ ఉన్న ప్లాంటయితే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇక్కడ డీజిల్ వర్కర్స్ యూనియన్ అని ఉంది, పెద్ద జాతీయ సంఘాలకి చెందినది కాదు, సొంతంగా నడిచేది. యూనియన్ సభ్యులు చేయాల్సిన పనిలో మీరు చెయ్యి పెట్టకూడదు. సాయం చేద్దామని ఓ డబ్బా జరిపినా సరే, మీకది మంచితనం, వాళ్ళకది పక్కవాడి పని లాక్కోవడం. అడగండి, వాళ్ళే జరుపుతారు.

లంచ్ టైమ్‌లో నలుగురు కూర్చుని పేకాడుతుంటారు. అది యూకర్. తొమ్మిది నుంచి ఆసు దాకా 24 ముక్కలే, ఇద్దరిద్దరు జట్టు, ఆట చకచకా అయిపోతుంది. తురుపులో జాకీ అన్నిటికన్నా పెద్దది, అదే రంగులో ఉన్న రెండో జాకీ దాని తర్వాతది. రమ్మీకి అలవాటుపడ్డ బుర్రకి మొదట్లో తిక్కగా ఉంటుంది. మా బ్యాచ్‌లో ఒకతను వెనక నిలబడి వారం రోజులు చూశాడు, రెండో వారం ఒకడు సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, ఇక ఆ తర్వాత వాడికి ప్లాంటులో ఏ పార్టు కావాలన్నా ఫోన్ కాల్‌తో పని అయిపోయేది. మీటింగుల్లో కూడా అంత పని జరగదు, నిజం చెప్తున్నా.

మాటల సంగతి. వీళ్ళు తమని హూజియర్లు అంటారు, ఇండియానావాళ్ళందరికీ ఆ పేరే. "నాట్ టూ బ్యాడ్" అంటే బ్రహ్మాండంగా ఉందని. మీ ఐడియా విని "వెల్, దట్స్ డిఫరెంట్" అన్నారంటే నచ్చలేదని, సంతోషపడి స్లైడు తయారు చేసుకోకండి. "స్వీపర్" అంటే ఊడ్చే మనిషి కాదు, వాక్యూమ్ క్లీనర్. ఎవరైనా దారికి అడ్డమొస్తే తగలకముందే "ఓప్" అంటారు, వినీ వినీ మీరూ అనేస్తారు.

పిచ్-ఇన్ అంటే భోజనాలే

"ఫ్రైడే పిచ్-ఇన్" అని మెయిల్ వస్తే చందా అనుకునేరు. తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినడం. మిగతా అమెరికాలో పాట్‌లక్ అంటారు, ఇక్కడ పిచ్-ఇన్. కొత్తల్లో మనవాళ్ళు చేసే తప్పు చిప్స్ ప్యాకెట్టు కొనుక్కుని పోవడం. వండుకుని వెళ్ళండి. పులిహోర బ్రహ్మాండంగా పోతుంది, కానీ ఎండుమిరపకాయలు ఏరేసి తీసుకెళ్ళండి, ఒకాయన అలంకారం కాదు కాబోలనుకుని నమిలేశాడు, తర్వాత పది నిమిషాలు ఆయన పాలు తాగుతూనే ఉన్నాడు. పల్లీలున్నాయని చీటీ రాసి పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. ఇక్కడ పల్లీ ఎలర్జీలంటే ఆషామాషీ వ్యవహారం కాదు.

శాకాహారులైతే జాగ్రత్త. గ్రీన్ బీన్స్ చూడగానే మన బీన్స్ కూరలా ఉంది కదా అని వడ్డించుకోకండి, ఇక్కడ వాటిని పంది మాంసం ముక్కతో ఉడికిస్తారు. మెత్తని బంగాళాదుంప ముద్ద మీద నూడిల్స్ వేసి పెడతారు, ఆ నూడిల్స్ ఉడికింది కోడి రసంలో. "ఇందులో మాంసం ఏమైనా ఉందా?" అని అడిగితే "లేదు" అంటారు, ఎందుకంటే రసాన్ని వాళ్ళు మాంసం కింద లెక్కేయరు. "దేంతో ఉడికించారు?" అని అడగండి. వండినావిడకి అలా అడిగితే చాలా సంతోషం కూడా, వాళ్ళ అమ్మమ్మ దగ్గర్నుంచి మొదలుపెడుతుంది.

ఇంటికి పిలిస్తే, ఐదింటికి రమ్మన్నారంటే ఐదింటికే. ఐదున్నరకి భోజనం బల్ల మీద ఉంటుంది. పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళే ఊరు కాబట్టి అంతా తొందరగా తిని తొందరగా పడుకుంటారు. రాత్రి ఎనిమిది దాటాక ఎవరికీ ఫోన్ చేయకండి, ఏదో కొంప మునిగిందనుకుంటారు.

"మీరు ఏ చర్చికి వెళ్తారు?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, పరిచయమైన పది నిమిషాల్లోనే రావచ్చు. టెన్షన్ పడకండి. మతం మార్చడానికి కాదు, మీ మనుషులెవరో తెలుసుకోవడానికి అడుగుతారు, మనం "మీదే ఊరు?" అన్నట్టు. "మేం హిందువులం, మా గుడి ఇండియానాపోలిస్‌లో ఉంది" అని మామూలుగా చెప్పండి, చాలామంది వెంటనే గుడి గురించి అడుగుతారు. కొందరు ఆదివారం తమ చర్చికి రమ్మంటారు. వెళ్తే వెళ్ళండి, ఇష్టం లేకపోతే "థాంక్స్, పండగ భోజనాలకి తప్పకుండా వస్తాం" అంటే సరిపోతుంది. ఎవరో ఒకరు పట్టు విడవకుండా పిలుస్తూనే ఉండొచ్చు, అలాంటివాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. మీరే క్రైస్తవులైతే ఇక మీకు ఈ వ్యాసం సగం అక్కర్లేదు, మొదటి ఆదివారమే ఊరు సొంతమైపోతుంది.

కారు, మంచు, జింకలు

ఊళ్ళో సిటీ బస్సులున్నాయి, ఊరి పేరులోనే బస్సు ఉందని సరదాగా వాటికీ కొలంబస్ అనే పేరు పెట్టారు, కానీ కారు లేకుండా ఉద్యోగం సాగదు. ఇండియానాకి మకాం మార్చిన 60 రోజుల్లోగా ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి, వేరే రాష్ట్రం నుంచి బండి తెచ్చుకుంటే దాని టైటిలూ ఇక్కడికి మార్చుకోవాలి. ఆఫీసు పేరు బీఎంవీ. స్కూలు బస్సు ఆగి స్టాపు బోర్డు బయటికి చాపితే ఎదురు దిశలో వస్తున్నా ఆగాల్సిందే, మధ్యలో డివైడర్ ఉన్న హైవే అయితే తప్ప. ఇది ఎంత చెప్పినా తక్కువే.

చలికాలంలో జిల్లా ప్రయాణ హెచ్చరికలు చూడటం అలవాటు చేసుకోండి. కౌంటీకి మూడు స్థాయిలుంటాయి, పసుపు అడ్వైజరీ, నారింజ వాచ్, ఎరుపు వార్నింగ్. ఎరుపు పెట్టారంటే అత్యవసర సిబ్బంది తప్ప ఎవరూ రోడ్డెక్కకూడదు. టోర్నడోల దగ్గర కూడా ఇదే మాటల గొడవ. వాచ్ అంటే వచ్చే పరిస్థితులున్నాయని, వార్నింగ్ అంటే వచ్చేసిందని, బేస్‌మెంట్‌లోకి పొమ్మని. బేస్‌మెంట్ లేకపోతే కింది అంతస్తులో కిటికీలు లేని బాత్‌రూమ్.

అక్టోబర్, నవంబర్‌లో పొద్దు వాలేటప్పుడు జింకలు రోడ్ల మీదికొస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉన్నట్టే, తొందరపడి ముందుకు పోకండి. నేను మొదటి నవంబర్‌లో స్టేట్ రోడ్ 46 వదిలేసి దగ్గర దారని ఒక కౌంటీ రోడ్డు మీదికి తిరిగి, జింకని తప్పించబోయి బండిని పక్క కాలవలోకి దించేశాను. చుట్టూ కోసేసిన మొక్కజొన్న చేలు, చీకటి, ఫోనుకి సిగ్నల్ లేదు. పది నిమిషాల్లో ఒక పికప్ ఆగింది. దిగినాయన ఏమీ అడక్కుండా నేల మీద పడుకుని బండి కింద టార్చి వేసి చూసి, కొక్కెం తగిలించి, లాగి రోడ్డు మీద పెట్టాడు. ఇరవై డాలర్లు తీస్తే చెయ్యి అడ్డం పెట్టి "ఎక్కడ పనిచేస్తావు?" అన్నాడు. చెప్పాను. "మా తమ్ముడు రెండో షిఫ్టు" అన్నాడు, తమ్ముడి పేరు చెప్పాడు, వెళ్ళిపోయాడు. డబ్బివ్వడం తప్పని నాకు తర్వాత తెలిసింది. మర్నాడు ఆ తమ్ముణ్ణి వెతుక్కుని స్వీట్ల డబ్బా ఇచ్చి అన్నకి పంపమన్నాను. ఇక్కడ అప్పు తీర్చే పద్ధతి అది: వండింది ఏదైనా, లేదా చేత్తో రాసిన చిన్న కార్డు. నోటు మాత్రం కాదు.

పక్కింటివాళ్ళ విషయంలోనూ అంతే. మంచు పడితే మీ ముందు కాలిబాట ఊడ్చేటప్పుడు పక్కవాళ్ళది కూడా నాలుగు అడుగులు ఊడ్చండి. గడ్డి పెరగనివ్వకండి. రోడ్డు మీద ఎదురైన బండిలోంచి స్టీరింగ్ మీద రెండు వేళ్ళు లేపి పలకరిస్తారు, మీరూ లేపండి. తెలిసినవాళ్ళేనా కాదా అని ఆలోచించక్కర్లేదు.

ఇంట్లో ఉండేవాళ్ళ సంగతి

ఇది అసలు కష్టమైన భాగం, మగవాళ్ళు రాసే సలహాల్లో ఎప్పుడూ రెండు లైన్లే ఉంటాయి. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి, భర్తకైనా భార్యకైనా, ఇలాంటి ఊళ్ళో మొదటి చలికాలం గోడలు మీదికొస్తున్నట్టుంటుంది. ఐదున్నరకే చీకటిపడినట్టుంటుంది, నడిచి వెళ్ళే దూరంలో ఏమీ ఉండదు. మా ఆవిడ మొదటి జనవరిలో కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి ముందు ఎన్ని బండ్లు వచ్చాయో లెక్కపెట్టి సాయంత్రం నాకు చెప్పేది. అప్పుడు నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

అందుకే అన్నిటికన్నా ముందు ఇంట్లో ఉండేవాళ్ళకి లైసెన్సు, రెండో కారు, పాతదైనా సరే. సోఫా తర్వాత కొనుక్కోవచ్చు. పసిపిల్లలుంటే డౌన్‌టౌన్‌లో కామన్స్ అనే హాలుంది, లోపలే పిల్లలు ఎక్కే పెద్ద ఆటస్థలం, డబ్బు కట్టక్కర్లేదు, చలికాలం పొద్దుటిపూట ఊళ్ళో తల్లులంతా అక్కడే. అక్కడే జాన్ టింగ్లీ చేసిన పెద్ద కదిలే ఇనుప యంత్రం కూడా ఉంది, అది తిరిగేటప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. లైబ్రరీలో కథలు చదివే గంట ఉంటుంది. పని అనుమతి లేకపోయినా నిజంగా స్వచ్ఛందంగా చేసే సేవకి అడ్డు లేదు, కానీ జీతం వచ్చే ఉద్యోగాన్ని ఊరికే చేయిస్తామంటే ఒప్పుకోకండి, అది వేరే లెక్క. చదువుకుంటానంటే ఐవీ టెక్, ఇండియానా యూనివర్సిటీ క్యాంపస్ రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. మా ఆవిడ రెండో ఏడు లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనిలో వాలంటీరుగా చేరింది. ఇప్పుడు ఊళ్ళో నన్ను ఫలానా ఆవిడ మొగుడిగానే గుర్తుపడతారు.

పిల్లలు హైస్కూలుకొచ్చేసరికి కొలంబస్ నార్త్, కొలంబస్ ఈస్ట్ అని ఊరు రెండుగా చీలుతుంది. బాస్కెట్‌బాల్ తెలియకపోయినా ఆ రెండు స్కూళ్ళ మధ్య మ్యాచ్ ఒక్కటైనా చూడండి. అక్టోబర్‌లో ఎత్నిక్ ఎక్స్‌పో జరుగుతుంది, రకరకాల దేశాలవాళ్ళు దుకాణాలు పెడతారు. అక్కడ వంటలో సాయం చేయడానికి చేరితే ఒక్క వారాంతంలో రెండేళ్ళ పరిచయాలు అవుతాయి.

ఇల్లు కొనే ముందు

ఇండియానాపోలిస్‌తో పోలిస్తే తక్కువే కదా అని ఆరు నెలలకే ఇల్లు కొనేవాళ్ళున్నారు. నా మాట వింటే మొదటి ఏడాది అద్దెకే ఉండండి. పెద్ద కంపెనీలు కొన్నే ఉన్న ఊళ్ళో ఉద్యోగం పోతే ఇంకోటి పక్క వీధిలో దొరకదు. హెచ్-1బి వీసా అయితే ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు, అందులో ఉద్యోగం వెతుక్కోవడమా, ఇల్లు అమ్ముకోవడమా? ఇంజన్ల వ్యాపారం ఎప్పుడూ ఎత్తుపల్లాలే, ట్రక్కుల ఆర్డర్లు తగ్గితే ఊరంతటికీ తెలిసిపోతుంది, మంగలి షాపులో కూడా అదే మాట. పాతవాళ్ళు దాన్ని చలికాలం వచ్చినట్టే చూస్తారు. మనకి వీసా ఉంది కాబట్టి మనం అలా చూడలేం.

కొనాలని తేల్చుకున్నాక వరద సంగతి చూడండి. 2008 జూన్ 7న ఈ ఊరు మునిగింది. హా క్రీక్ అనే వాగు పొంగి ఆస్పత్రిలోకి నీళ్ళొచ్చాయి, రోగులందరినీ వేరేచోటికి తరలించారు, ఆస్పత్రి నెలల తరబడి మూతపడింది. ప్రభుత్వం వేసిన వరద మ్యాపు ఇంటర్నెట్లో ఉంటుంది, అడ్రసు కొడితే వస్తుంది. అది చూశాక కూడా పక్కింటి తలుపు కొట్టి అడగండి.

మేం ఒక ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నాం. మ్యాపులో ఏమీ లేదు, ఏజెంటు కూడా ఏం భయం లేదన్నాడు. సంతకాల ముందు రోజు సాయంత్రం పక్కింటాయన గరాజ్‌లో గడ్డి మిషన్ బాగుచేసుకుంటుంటే వెళ్ళి పలకరించాను. వరద గురించి అడగ్గానే స్పానర్ కింద పెట్టి, గోడకి ఆనించిన ప్లైవుడ్ చెక్క పక్కకి జరిపాడు. వెనక గోడ మీద పెన్సిల్‌తో గీసిన గీత, దాని పక్కన తేదీ. నా మోకాలికి జానెడు పైన ఉంది. "ఇక్కడిదాకా" అన్నాడు. ఆ ఇల్లు వద్దనుకున్నాం. రెండు వీధుల అవతల కాస్త ఎత్తు మీద ఇంకోటి దొరికింది, ఆయన గడ్డి మిషనే మొదటి వేసవంతా అరువు తెచ్చుకుని వాడాను.